ఉత్త గోదాం

పది దాటి ఏడు నిమిషాలైనా అరటిపండు ఇంకా మూడో బొమ్మ దగ్గరే ఉన్నాడు. పదకొండుకి జీఎం సంతకం పడాలి, పన్నెండుకి మూడు గోదాముల్లోనూ లోడింగ్ మొదలవ్వాలి, గదిలో ఉన్న తొమ్మిది మందిలో ఎనిమిది మందికి ఈ సంగతి తెలుసు, తెలియని ఒక్కడూ మాట్లాడుతున్నాడు అనుకుంది ఆమె, అనుకుని పెన్ను మూత తీయకుండా అలాగే పట్టుకుని కూర్చుంది. అరటిపండు అన్న పేరు ఆమే పెట్టింది. మొదటిరోజు ఈ సలహాదారు ఆమె గదికి వచ్చి, కుర్చీ తనే లాక్కుని, ‘అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్తాను మేడమ్, లాజిస్టిక్స్ అంటే భయపడక్కర్లేదు’ అన్నాడు. అప్పటికి ఆమె ఆ కుర్చీకి ఎదురు కుర్చీలో కూర్చుని ఇరవై రెండేళ్ళుగా లారీలు పంపుతోంది. ఆ రోజు నుంచి రెండు నెలలుగా ఒలుస్తూనే ఉన్నాడు, తొక్కలు పడుతున్నాయి, పండు ఎవరికీ కనపడలేదు, అయినా జీఎం తల ఊపుతున్నాడు, జీఎం ఊపితే కొనుగోళ్ళ ఆఫీసరు ఊపుతాడు, ఆయన ఊపితే ఆయన పక్కన అకౌంట్స్ ఆవిడ, అలా బల్ల పొడుగునా ఒక ఊపు వచ్చి ఆమె దగ్గర ఆగిపోతోంది.

తెర మీద పట్టిక. ఎడమ పక్క మూడు గోదాములు, పైన నాలుగు డిపోలు, మధ్యలో పన్నెండు గళ్ళు, ఒక్కో గడిలో ఆ గోదాం నుంచి ఆ డిపోకి ఒక లోడు పంపడానికి అయ్యే ఖర్చు. ఎక్కణ్ణుంచి ఎక్కడికి ఎన్ని పంపితే మొత్తం మీద తక్కువ అవుతుంది, అంతే ప్రశ్న, ఇంకేం లేదు. సెలైన్ సీసాలైనా అంతే, డయాలిసిస్ ద్రవం డబ్బాలైనా అంతే, ఇటుకలైనా అంతే. లారీ డ్రైవర్లు ఆమెను గళ్ళక్క అంటారు, ముందు చాటున అనేవాళ్ళు, ఇప్పుడు ఎదురుగానే అంటారు, ‘గళ్ళక్కా, ఆ గళ్ళల్లోంచే లారీ తోలడం నేర్పరాదూ, డీజిలు మిగుల్తుంది’ అని ఒకడన్నాడు, ఆమె నవ్వలేదు, వాడికి మూడు వారాలు రేవు డిపో తప్ప ఇంకో ట్రిప్పు పడలేదు. అది గుర్తొచ్చి ఇప్పుడు నవ్వొచ్చింది. అరటిపండు ఆ నవ్వు తనకేననుకుని వేగం పెంచాడు. ముందు పై ఎడమ మూల గడితో మొదలుపెట్టానన్నాడు, అక్కడ ఎంత పడితే అంత నింపి, కుడికీ కిందికీ జరుగుతూ వచ్చానన్నాడు, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ దాన్ని మెరుగుపరిచిందన్నాడు. మూల పద్ధతి. సాయంకాలం కాలేజీలో మొదటి వారం చెప్పే పద్ధతి. దానికి ఇంత బొమ్మ, బాణాలు, బాణాలకు రంగులు.

సాయంకాలం కాలేజీలో లెక్చరర్ చొక్కా మోచేతుల దాకా సుద్దపొడి ఉండేది. ‘ఖర్చు చూడకుండా మూల నుంచి నింపుకుంటూ పోవడం అంటే, సంబంధం చూడకుండా పెళ్ళి చేయడం. కాపురం నడుస్తుంది. ఏం పోగొట్టుకున్నామో తెలియదు’ అనేవాడు, పెళ్ళయినవాళ్ళు నవ్వేవాళ్ళు, ఆమెకు అప్పటికి పెళ్ళయి పద్నాలుగు నెలలు, ఆమె నవ్వకుండా రాసుకుంది. తర్వాత ఇంకో పద్ధతి చెప్పాడు, ప్రతి వరుసలోనూ అన్నిటికన్నా చవకైన గడికీ దాని తర్వాతి గడికీ తేడా చూడమన్నాడు, ఎక్కడ తేడా ఎక్కువో అక్కడ ముందు నింపమన్నాడు, ఎందుకంటే అక్కడ చేయి జారితే ఎక్కువ ఏడవాలి. ఎక్కడ చేయి జారితే ఎక్కువ ఏడవాలో అక్కడ ముందు. ఆ మాట ఆమెకు నచ్చింది, బస్సులో నిలబడి అదే అనుకుంటూ ఇంటికెళ్ళింది. ఇంట్లో పొడుగు బల్ల, తల దగ్గర మామగారు, ఆయన పక్కన పెద్ద బావగారు, పిల్లలు, పెద్ద తోడికోడలు, చివర తను, అత్తగారు తల దగ్గర మొదలుపెట్టి వడ్డించుకుంటూ వచ్చేది, గిన్నె ఖాళీ అయ్యేసరికి ఆమె కంచం ఒక్కటి మిగిలేది. ‘అంత చివర కూర్చుంటే గరిటె అందొద్దూ?’ అనేది అత్తగారు. కోపంగా కాదు, వాన పడుతోందని చెప్పినట్టు చెప్పేది. కుర్చీ మార్చుకుంటే ఏమయ్యేదో, ఆమె మార్చుకోలేదు, మార్చుకుంటే అడిగినట్టు అవుతుంది, అడిగితే చులకన. అత్తగారిది మూల పద్ధతి అని నోట్సు పుస్తకం అంచున రాసుకుని, మొగుడు చూస్తాడేమోనని కొట్టేసింది.

‘ఇరవై రెండు శాతం’ అన్నాడు అరటిపండు. గదిలో చప్పట్లు. నిజంగా కొట్టారు. కొనుగోళ్ళ ఆఫీసరు రెండు చేతులూ ఎత్తి మరీ కొట్టాడు, ఆయన కిందటేడాది చేతి తొడుగుల బదులు చెత్త సంచులు కొన్నవాడు. ఖర్చు ఒక్క వారంలో ఇరవై రెండు శాతం తగ్గింది, రూట్లు మార్చలేదు, లారీలు మార్చలేదు, డ్రైవర్లను మార్చలేదు. మరి ఎలా తగ్గిందయ్యా అని అడిగే నాథుడు లేడు. ఆమె కళ్ళు మూసి లెక్క వేసింది. ఫ్యాక్టరీలో సీసాలు నింపే యంత్రం రెండు రోజులు ఆగిపోయింది కాబట్టి ఈ వారం గోదాముల్లో ఉన్నవి అరవై లోడ్లు. డిపోలు అడిగినవి డెబ్బై. రేవు ఇరవై నాలుగు, గడియారం స్తంభం దగ్గరి డిపో ఇరవై, నది అవతల పదిహేడు, కొండ తొమ్మిది. పది తక్కువ. లోడ్లు ఏడో వంతు తగ్గితే ఖర్చు పద్నాలుగు, పదిహేను శాతం తగ్గాలి, ఇరవై రెండు తగ్గిందంటే తగ్గిన పదీ చవక లోడ్లు కావు, అన్నిటికన్నా ఖరీదైనవి, అన్నిటికన్నా ఖరీదైనవి కొండవి, ఘాటు రోడ్డు, ఇరవై ఆరు మలుపులు, తిరుగు ప్రయాణంలో ఖాళీ లారీ. వీడు కొండ డిపోకి ఏమీ పంపడం లేదు. పంపకపోతే ఖర్చు ఉండదు. దుకాణం మూసేస్తే కరెంటు బిల్లు తగ్గినట్టు తగ్గింది, దానికి చప్పట్లు.

ఆమెకు లోపల ఒక హాయి మొదలైంది. ఇప్పుడే చెప్పకూడదు. ఇంకాస్త ఎక్కనివ్వాలి, నిచ్చెన చివరికి వెళ్ళాక లాగాలి. పదీ ఇరవై ఐదు. పదకొండుకి పది నిమిషాల ముందు అడగాలి, ఒక్క ప్రశ్న, గొంతు పెంచకుండా, పేపర్లు సర్దుకుంటూ అడిగినట్టు. జీఎం ముఖం ఎలా మారుతుందో ఆమెకు తెలుసు, నాలుగేళ్ళలో మూడుసార్లు చూసింది, ముందు ఎడమ చెవి ఎర్రబడుతుంది. ఈయన ఇంతకు ముందు బిస్కెట్ల కంపెనీలో ఉండేవాడు, ఏ సమావేశంలోనైనా ‘నంబర్ ఏం చెప్తోంది?’ అని మొదలుపెడతాడు, నంబర్ ఏదో ఒకటి చెప్పేదాకా ఊరుకోడు, నంబరుకి నోరుంటే ఈయన్ని చూసి ఏమనేదో. మొన్న ఇంట్లో ఈ మాటే చెప్తే ఆమె భర్త పేపరు దించకుండా, ‘నీకు ఆఫీసులో ఒక్కడైనా మనిషిలా కనపడతాడా?’ అన్నాడు. ‘కనపడితే చెప్తాలే’ అంది. ‘నేనూ లెక్కలోకి రానా?’ అన్నాడు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు, ముప్పై ఏళ్ళు పిల్లలకి కాలం, పని, దూరం చెప్పి ఇప్పటికీ రైలుకి అరగంట ముందు వెళ్ళి రైలు తప్పిపోయి వచ్చే మనిషి.

ఎదురు కిటికీ అవతల యార్డు. క్లీనర్ ఒకడు టైరును గూటంతో కొట్టి చెవి పెట్టి వింటున్నాడు, గాలి ఉందో లేదో శబ్దాన్ని బట్టి చెప్తాడు, ఆరు టైర్లు కొట్టాడు, ఐదో టైరు దగ్గర రెండోసారి కొట్టాడు. ఈ గదిలో ఉన్నవాళ్ళందరి కన్నా వాడికి తన పని తెలుసు. అరటిపండుకి కొండ డిపో చూపిస్తే లారీ ఎటు తిరుగుతుందో తెలియదు, అక్కడ ఒక ఆస్పత్రీ పద్నాలుగు క్లినిక్కులూ ఉన్నాయని తెలియదు, ఆస్పత్రిలో ఆరు డయాలిసిస్ యంత్రాలున్నాయని తెలియదు, ఇంకెవరూ అక్కడికి సరుకు వేయరని తెలియదు. గడియారం డిపోకి ఐదు కంపెనీలు వేస్తాయి, అక్కడ పది లోడ్లు తగ్గితే డిపో మేనేజరు ఫోన్ చేసి అరుస్తాడు, అరిచి పక్క కంపెనీ వాడికి ఫోన్ చేస్తాడు, సాయంత్రానికి సరుకు ఉంటుంది. ఇది తెలియాలంటే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. రోడ్డు మీద నడిచేవాడు చెప్తాడు.

పదీ నలభై తొమ్మిది. ఆమె పెన్ను మూత తీసింది.

‘ఒక్కసారి కొండ డిపో నిలువు వరుస చూపిస్తారా?’

‘తప్పకుండా మేడమ్’ అన్నాడు అరటిపండు, కంగారు పడకుండా. పట్టిక పెద్దదైంది. కొండ డిపో కింద మూడు గళ్ళు ఖాళీ. వాటి కింద నాలుగో గడిలో తొమ్మిది.

‘అంటే తొమ్మిది లోడ్లూ అందుతాయి. ఏ గోదాం నుంచి?’

‘ఉత్త గోదాం నుంచి మేడమ్.’

‘అది ఏ రోడ్డులో ఉందండీ? ఇరవై రెండేళ్ళలో నేనెప్పుడూ చూడలేదు.’

నవ్వులు. ముందు అకౌంట్స్ ఆవిడ, తర్వాత అందరూ. జీఎం చెవి రంగు మారడం మొదలైంది. ఆమె పేపర్లు అంచులు కలిపి బల్ల మీద తట్టింది. ఇలాగే అనుకుంది, సరిగ్గా ఇలాగే.

‘అది మీరు పెట్టిందే కదా మేడమ్’ అన్నాడు అరటిపండు. అతని గొంతులో వెటకారం లేదు, నిజంగా అర్థం కాని ముఖం. ‘నేను మీ పట్టికనే తీసుకున్నాను. పదకొండేళ్ళది. సరుకు తక్కువైనప్పుడు లెక్క సరిపోవడానికి కింద ఒక వరుస ఉంది, పేరు ఉత్త గోదాం, ఖర్చులన్నీ సున్నా. నేను ఒక్క అంకె కూడా ముట్టుకోలేదు. మూలన మీ పొడి అక్షరాలున్నాయి, చూడండి.’

చూసింది. ఉన్నాయి.

లెక్చరర్ బోర్డు మీద నాలుగో గీత గీసిన సాయంత్రం. సరుకు తక్కువ, గిరాకీ ఎక్కువ, రెండూ సమానం కాకపోతే పద్ధతి నడవదు, కాబట్టి ఉత్త గోదాం ఒకటి ఉందనుకోండి అన్నాడు, దానికి తలుపు లేదు, తాళం లేదు, కాపలావాడు లేడు, అక్కణ్ణుంచి ఎంత పంపినా ఖర్చు సున్నా. వెనక బెంచీలో బస్ కండక్టర్ ఒకడుండేవాడు, డ్యూటీ దిగి యూనిఫామ్‌తోనే వచ్చేవాడు, వాడు లేచి, ‘సార్, అక్కణ్ణుంచి ఏం వస్తుంది సార్?’ అన్నాడు. ఏమీ రాదు అన్నాడు లెక్చరర్. ‘మరి ఆ చివరోడికి ఏం చెప్తాం సార్?’ అన్నాడు కండక్టర్. క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు, వెనక్కి తిరిగి వాడి వంక చూసింది, ఆఖరి బస్సు వెళ్ళిపోతోంది, ఈ మొద్దు కూర్చుంటే లెక్క పూర్తవుతుంది అన్న చూపు చూసింది, వాడు కూర్చున్నాడు. ఆ ఏడాది పరీక్షలో వాడు తప్పాడు. ఆమెకు ఎనభై ఎనిమిది వచ్చాయి.

ఆ వరుస కంప్యూటరులో వేసిన రోజు కూడా గుర్తుంది, ఆమెకే కదా గుర్తుంటుంది. అంతకు ముందు సరుకు తక్కువైతే ఫోన్లు చేసేది, రేవు వాడిని రెండు వదులుకోమనేది, గడియారం వాడిని నాలుగు, వాళ్ళు అరిచేవాళ్ళు, ఆమె అరిచేది, రోజంతా పట్టేది, గొంతు పోయేది. పట్టిక వచ్చాక నిమిషం. నాలుగు సున్నాలు వేసి, మీట నొక్కి, కుర్చీ వెనక్కి వాలి, అప్పటి జీఎంకి చూపిస్తే ఆయన భుజం తట్టాడు. ఖర్చు సున్నా అయితే లోటు ఎక్కడికి పోతుంది, ఎక్కడ పంపకపోతే ఎక్కువ మిగుల్తుందో అక్కడికి పోతుంది, కొండకి పోతుంది, ప్రతిసారీ కొండకే పోతుంది, ఇది తెలుసుకోవడానికి ఇరవై రెండు శాతం చూసి వెనక్కి లెక్క వేయక్కర్లేదు, ఆమెకు తెలుసు. మూడుసార్లు తెలుసు. ఆరేళ్ళ కిందట ఒకసారి, రెండేళ్ళ కిందట ఒకసారి, పోయిన ఎండాకాలం ఒకసారి. మూడుసార్లూ కొండ డిపో పెద్దాయన ఫోన్ చేశాడు. ‘ఈసారి కూడా మా మీదే పడిందా అమ్మా?’ అన్నాడు. ‘పట్టిక అలా చూపిస్తోంది బాబాయి గారూ, నా చేతిలో ఏముంది?’ అంది. వాన పడుతోందని చెప్పినట్టు చెప్పింది. ఆయన గట్టిగా మాట్లాడి ఉంటే పోట్లాడేది. ఆయన ‘సరేనమ్మా’ అన్నాడు. అలా అన్నందుకు ఆయన్ని కూడా చిన్నచూపు చూసింది, అడగడం చేతకాని మనిషి అనుకుంది, ఫోన్ పెట్టేసి టీ తాగింది.

‘అయితే ఇది కొత్తదేం కాదన్నమాట’ అన్నాడు జీఎం. చెవి మామూలు రంగుకి వచ్చింది. ‘పదకొండేళ్ళుగా ఇలాగే నడుస్తోంది. ఇబ్బందేమైనా వచ్చిందా మేడమ్?’

అందరూ ఆమె వైపు తిరిగారు. అరటిపండు కూడా, నిజంగా తెలుసుకుందామన్నట్టు. ఏమీ రాలేదు అంటే చాలు, రెండు మాటలు, ఇరవై రెండు శాతం నిలబడుతుంది, సంతకం పడుతుంది, పన్నెండుకి లోడింగ్, ఈ లోపల ఆమె అడిగిన ప్రశ్న జోకుగా మిగిలిపోతుంది, అకౌంట్స్ ఆవిడ మధ్యాహ్నం దాకా చెప్పుకుని నవ్వుతుంది. పాత మూడు వారాల సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు. ఎప్పటికీ తెలియదు. ఈ వాజమ్మలు అడగరు. ఇంతసేపూ ఎవరిని చూసి నవ్వుకుందో వాళ్ళే ఇప్పుడు ఆమెకు అడ్డుగోడ, ఎంత మంచి గోడ, ఎంత మందం.

పదీ యాభై మూడు. ఆమె ఫోన్ తీసి బల్ల మధ్యలో పెట్టి స్పీకర్ నొక్కింది. నాలుగుసార్లు మోగింది.

‘చెప్పండమ్మా’ అన్నాడు కొండ డిపో పెద్దాయన. వెనక ఎవరో డబ్బాలు దించుతున్న చప్పుడు.

‘బాబాయి గారూ, జీఎం గారు వింటున్నారు. పోయిన ఎండాకాలం ఒక వారం మీకు లోడు రాలేదు కదా. ఇబ్బందేమైనా వచ్చిందా?’

‘లేదమ్మా, సర్దుకున్నాం’ అన్నాడు.

గదిలో ఎవరో ఊపిరి వదిలారు. తనే వదిలిందని ఆమెకు ఆలస్యంగా తెలిసింది. ఛీ అనుకుంది.

‘ఎలా సర్దుకున్నారు?’

‘అదేనమ్మా, ఉన్నవే సాగదీశాం. ఆస్పత్రిలో యంత్రం మీద పడుకునేవాళ్ళు ముప్పై ఒక్క మంది. వారానికి మూడుసార్లు చేయాలి ఒక్కొక్కరికి. ఆ వారం ఒక్కసారే చేశారు. డాక్టరుగారే ఉప్పు మానేయండి, నీళ్ళు తక్కువ తాగండి అని చెప్పి పంపించారు.’

‘తర్వాత?’

‘తర్వాత మీరు లోడు పంపారు కదమ్మా.’

‘ముప్పై ఒక్క మందీ వచ్చారా తర్వాత?’

‘ఇద్దరు రాలేదు.’

‘రాలేదంటే?’

‘రాలేదమ్మా’ అన్నాడు ఆయన, ఆమెకు తెలుగు రాదేమో అన్నట్టు, ఇంకాస్త నెమ్మదిగా.

కొనుగోళ్ళ ఆఫీసరు తన చేతుల వంక చూసుకున్నాడు. ఆమె జీఎంతో, ‘ఆ సున్నాలు నావే. అప్పుడు మూడుసార్లూ నాకు తెలుసు’ అంది. ఇంకా ఏదో చెప్పాలని ఉంది, కానీ ఈ గదిలో ఎవరికి చెప్పాలో తోచలేదు. లేచి అరటిపండు పక్కకి వెళ్ళింది. అతను తనంతట తనే కంప్యూటర్ ముందు నుంచి జరిగాడు. కొండ డిపో కింద, ఉత్త గోదాం వరుసలో, సున్నా.

‘ఎంత వేయాలి మేడమ్?’ అన్నాడు అతను, గుసగుసగా. అరటిపండు ఒలిచే గొంతు కాదు అది.

ఎంత వేయాలి. పట్టికకు ఏదో ఒక అంకె కావాలి, ఎంత పెద్దదంటే దాన్ని దాటి లోటు అక్కడికి పోలేనంత. తొమ్మిది లక్షలు కొట్టింది. చేతికి వచ్చిన అంకె. మీట నొక్కింది. కొండ కింద మూడో గడిలోకి, కొత్త గోదాం వరుసలోకి, తొమ్మిది వచ్చింది, లోటు పదీ గడియారం డిపో కిందికి వెళ్ళాయి, ఇరవై రెండు శాతం కాస్తా ఎనిమిదైంది. బల్ల చుట్టూ పెన్నులు కదిలాయి. తొమ్మిది లక్షలు అని రాసుకుంటున్నారు. ఎందుకు తొమ్మిది అని ఒక్కరూ అడగలేదు. జీఎం కాగితం తన వైపు లాక్కుని, పాత అంకె మీద గీత కొట్టి, ఎనిమిది అని రాసి సంతకం చేశాడు. పదీ యాభై తొమ్మిది.

‘అమ్మా, లైన్లో ఉన్నారా?’ అంది బల్ల మీది ఫోన్.

‘ఉన్నాను బాబాయి గారూ. మీకు ఈ వారం తొమ్మిది లోడ్లు. మొత్తం. కొత్త గోదాం నుంచి.’

‘తొమ్మిదా?’

‘తొమ్మిది. రాసుకోండి.’

ఆయన కాగితం తీసిన చప్పుడు రాలేదు. ఎవరినో పక్కకు జరగమన్నాడు, మళ్ళీ ఫోన్ దగ్గరికి వచ్చాడు. గొంతులో కోపం లేదు, ఎప్పుడూ ఉండేది కాదు.

‘లారీ కొండెక్కాక ఫోన్ చేయండమ్మా’ అన్నాడు. ‘అప్పుడు రాసుకుంటాను.’